మానవపాడు పక్కన సముద్రం

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని ఫోన్‌లోని ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. తలెత్తి చూస్తే చుట్టూ పల్లిచేను. బడి లేదు, గోడ లేదు, గంట లేదు. పాన్‌గల్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో "గుడ్డినమ్మకాలు, మనం" అనే విషయం మీద పదిన్నరకు నేను మాట్లాడాలి. పదీ ఇరవైకి మోటారుసైకిలు ముందుచక్రం మెత్తటి దుక్కిలో దిగబడి, చెలక నడుమ నిలబడి ఉన్నాను.

కలుపు తీస్తున్న ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"యాడికి వోవాలె సారూ?"

"బడికమ్మా."

"బడి ఆడ, చెర్వుకట్ట అవతల. ఈ వారంల మీరు మూడో ఆయన. ఫోన్ జూస్కుంటనే ఒస్తరు, చేన్ల దిగుతరు. ఎదురుంగ మనిషిని నేనుంటిని గదా, జర అడగరాదా?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమె బండి వెనక నుంచి ఒక తోపు తోసి, "ఇంతకు ఏం జెప్తరు బడిల?" అని అడిగింది. దేన్నీ గుడ్డిగా నమ్మవద్దని చెబుతానన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహం, ఒక్క క్షణం చక్రం కింద నలిగిన పల్లిచెట్టు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వు చూసేసరికి నాకు మ్యాపులక్క గుర్తొచ్చింది.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉంది. దాన్ని ఎవరూ వాడేవాళ్ళు కాదు కాబట్టి నేనూ వాడను. వనపర్తిలో ఒక జిరాక్సు దుకాణం పైన ఒకే గది, రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు, ఎప్పుడూ విప్పి ఉండే ఉడకబెట్టిన పల్లీల పొట్లం. కంప్యూటరులో మ్యాపులు తయారుచేసే పని ఆమెది. చెరువులు, రోడ్లు, ఇళ్ళు, బోర్లు, ఎవరు ఏది కావాలంటే అది పొరలు పొరలుగా గీసి ఇచ్చేది. నాగర్‌కర్నూలు నుంచి టీచర్లు, గద్వాల నుంచి కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి తాత్కాలిక ఉద్యోగులు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నదైనా నేనూ "అక్కా" అనే పిలిచేవాణ్ణి. అట్లా పిలవకపోతే ఆ గదిలో కుర్చీ దొరికేది కాదు.

ఆమె నవ్వు భుజాల దగ్గర మొదలయ్యేది. ముందు శబ్దం ఉండదు. భుజాలు అదురుతాయి, కుర్చీ కిర్రుమంటుంది, తర్వాత ఎక్కిళ్ళు. తప్పు దొరికితేనే ఆ నవ్వు. ఎవరి తప్పైనా సరే, తనదైతే ఇంకా గట్టిగా. "తప్పును జూసి నవ్వాలె సార్. దాశిపెడ్తే అది గుడ్లు వెడ్తది" అనేది.

మెట్లెక్కి వచ్చినవాణ్ణి ఎవరూ "బాగున్నరా" అని అడగరు అక్కడ. "కాపీ తీసిన్రా?" అని అడుగుతుంది. అంటే, వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని నకలు మీద పని మొదలుపెట్టారా అని. తీయలేదంటే పల్లీలు దొరకవు. ఒకసారి నాగర్‌కర్నూలు నుంచి ఒక లెక్కల మాస్టారు చెరువుల మ్యాపు పొరను పెన్‌డ్రైవులో పెట్టుకుని బస్సులో వచ్చాడు. మ్యాపు పొర అన్నది ఒక్క ఫైలు కాదు, ఒకే పేరుతో నాలుగైదు ఫైళ్ళు. అన్నీ కలిసి ఉంటేనే తెరుచుకుంటుంది. ఆయన పేరు బాగున్న ఒక్క ఫైలు మాత్రం తెచ్చాడు.

"మాస్టారూ, పెండ్లిపిల్ల ఒక్కతే ఒచ్చింది. పిల్లగాడేడి? బాజాలేవి? వంటోళ్ళేరి?" అంది ఎక్కిళ్ళ మధ్య. ఆ మాస్టారు అదే బస్సులో తిరిగి వెళ్ళి, మరునాడు "మొత్తం పెండ్లివారిని తెచ్చినక్కా" అంటూ మెట్లెక్కాడు.

ఫైలు పేరులో "ఫైనల్" అన్న మాట కనిపిస్తే ఆమెకు పూనకం వచ్చేది. పూనకాల మీద నేను రాసిన వ్యాసాలన్నీ ఉపసంహరించుకోను గానీ, ఈ ఒక్క పూనకం నిజమైనది. "ఫైనల్ అని రాసిన్నాడే తప్పు దొరుకుతది. ఫైనల్ రెండు, ఫైనల్ కొత్తది, అసలు ఫైనల్... గివేం పేర్లు? ఊరు రాయి, ఏం పొరో రాయి, తారీకు రాయి. నువు సచ్చినంక గూడ ఎవరో ఒకరు తెరుస్తరు, ఆళ్ళకు తెలియాలె" అనేది. మరణానంతర జీవితం గురించి నేను అంగీకరించిన సిద్ధాంతం ఇది ఒక్కటే.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది యుద్ధానికి సామగ్రి కోసం. మా వైపు బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఒకాయన ఉన్నాడు. కాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ నీళ్ళు ఉన్నట్టు. ఆయన మాట నమ్మి వేసి ఎండిపోయిన బోర్లన్నీ నెల రోజులు తిరిగి రాసుకున్నాను. వాటిని మ్యాపు మీద ఎర్రచుక్కలుగా పెట్టి, ముద్రించి, ఊరూరా అంటించి ఆ కొబ్బరికాయ పని పట్టాలని నా సంకల్పం. కాగితాలు ఆమె బల్ల మీద విజయగర్వంతో పడేశాను.

ఆమె ఒక్కో పేజీ తిప్పింది. పల్లీ ఒలిచి నోట్లో వేసుకుంది.

"ఆయన జెప్పినంక నీళ్ళు వడ్డయి ఏవి సార్?"

"వాటితో మనకేం పని? ఇది మోసాన్ని బయటపెట్టే మ్యాపు."

"మరి కొబ్బరికాయ లేకుంట, ఊకెనే ఏసి ఎండిపోయినయి?"

"అవీ అవసరం లేదక్కా."

కాగితాలు సర్ది నా చేతిలో పెట్టింది. "మీరు లెక్క తేలేదు సార్, ఉపన్యాసం తెచ్చిన్రు. ఉపన్యాసానికి మ్యాపెందుకు? మైకు సాలు."

ముప్పై ఏళ్ళుగా వేదికల మీద పండితులనూ స్వాములనూ నోరెత్తనీయని నేను, జిరాక్సు దుకాణం పైన నా కాగితాలు నేనే చంకన పెట్టుకుని లేచాను. కోపం వచ్చింది. మెట్లు దిగుతూ కోపం, బస్సెక్కి కోపం, ఇంట్లో అన్నం తింటూ కోపం. ఆ కోపంతోనే మళ్ళీ రెండు నెలలు తిరిగాను. పడిన బోర్లు, పడనివి, కాయ పట్టినవి, పట్టనివి, అన్నీ రాశాను. మ్యాపు వచ్చింది. ఎండినవి ఎరుపు, నీళ్ళు పడినవి ఆకుపచ్చ, అన్నీ కలగలిసి, మక్కజొన్న పేలాలు చల్లినట్టు. కాయ పట్టినా పట్టకపోయినా కింద రాతికి ఏ పట్టింపూ లేదని పసిపిల్లవాడికి కూడా తెలిసేలా ఉంది. నేను మొదట అడిగిన ఎర్రచుక్కల మ్యాపు వచ్చి ఉంటే, అది ఒక్క తిట్టు మాత్రమే. ఇది నిరూపణ.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆ కొబ్బరికాయ ఆయన వనపర్తి వచ్చి, "నా బోర్లు మ్యాపెక్కినయంట గదా" అని ఒక ప్రతి అడిగి తీసుకెళ్ళి, తన ఆకుపచ్చ చుక్కల చుట్టూ మాత్రం పెన్నుతో సున్నాలు చుట్టి ఇంట్లో తలుపు మీద వేలాడదీశాడు. ఆ సంగతి విని నేను ఊగిపోయాను. మ్యాపులక్క కుర్చీ కిర్రుమంది.

"మొదల మీరు ఎర్రయి తెచ్చిన్రు. ఆయన పచ్చయి తీస్కపోయిండు. ఇద్దరు ఒక్క బడిలనే సదివినట్లున్నరు సార్."

ఆ గది గోడ మీద ఒకే ఒక్క పటం ఉండేది. ఆకాశం నుంచి తీసిన ఒక చెరువుకట్ట బొమ్మ. పేరు లేదు, ఊరు లేదు. ఆమె మానవపాడు వైపు కూలి కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు మట్టిపనికి దేశాలు పట్టి పోయేవాళ్ళు, ఆమె వాళ్ళ వెంట. ఎక్కడికి పోయారో ఆ తల్లికి పేర్లు తెలియవు. రైలు దిగాక జంట గుట్టలు, వంకర తిరిగిన వాగు, కట్ట కొసన ఒక తెల్లటి గది. ఇవే గుర్తులు. మ్యాపులక్క కంప్యూటరు నేర్చుకున్నాక ఆ మూడు గుర్తులు పట్టుకుని ఏడాదిపాటు ఉపగ్రహ చిత్రాలు వెతికింది. దొరికింది. "మా అమ్మ మోసిన కట్ట. అమ్మకు యాడున్నదో తెల్వదు, నాకు తెలుసు" అని ఒకసారి చెప్పి, వెంటనే, "పల్లీలు తినుర్రి సార్, సల్లారిపోతున్నయి" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఒక గీత గురించి చెప్పాలి.

భూమి గుండ్రం, కాగితం చదును. గుండ్రాన్ని చదును చేయడానికి లెక్కలవాళ్ళు భూమిని అరవై పట్టీలుగా కోసి, ప్రతి పట్టీకి ఒక అంకె ఇచ్చారు. "బత్తాయి తొనలు" అనేది మ్యాపులక్క. ఒక్కో తొనలో మీటర్ల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. అంచేత ఒక ఇంటి మీటర్లు రాసి తొన అంకె రాయకపోతే, ఆ ఇల్లు అరవై చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు. తమాషా ఏమిటంటే, రెండు తొనల నడుమ ఉన్న డెబ్బై ఎనిమిదో రేఖాంశం మా మీదుగానే పోతుంది. నాగర్‌కర్నూలు, వనపర్తి నలభై నాలుగో తొన. గద్వాల నలభై మూడు. ప్రపంచంలో ఇంత స్థలం ఉండగా ఆ గీత వచ్చి మా బస్సు దారిలో పడింది.

వనపర్తి నుంచి గద్వాల బస్సులో పోతుంటే, కృష్ణ వంతెన ఇంకా రాకముందే ఒకచోట ఆమె కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, "అయిపాయె! తొన మారింది!" అని అరిచేది. ఒకసారి కండక్టరు ఉలిక్కిపడి ఈల వేయబోయాడు.

"ఈడ స్టాపు లేదమ్మా, ఎవలు దిగాలె?"

"దిగుడు గాదన్నా. నలభై నాలుగుల నుంచి నలభై మూడుల పడ్డం."

"నలభై నాలుగు సీట్ల బస్సే తల్లీ, ఎవలు వడలేదు, కూసో."

నేను తల కిటికీ వైపు తిప్పుకున్నాను. సిద్ధాంతాల కోసం రాళ్ళ దెబ్బలు తిన్నవాణ్ణి గానీ, బస్సులో ఇట్లాంటి పరువునష్టానికి సిద్ధంగా లేను. ఆ గీతను అప్పుడు వేళాకోళంగా తీసుకున్నందుకు తర్వాత అనుభవించాను.

మానవపాడు దగ్గర ఒక పల్లెలో ఊరికి ఎడంగా ఒక కాలనీ ఉంది. అందరూ కూలి కుటుంబాలు, ఎక్కువమంది క్రైస్తవులు. ఇంటింటికీ నల్లా నీళ్ళు ఇచ్చే కొత్త పైపులైను ఊరి దాకా వచ్చింది. మ్యాపు మీద చుక్క ఉన్న ఇంటికే పైపు. కాలనీ పాత మ్యాపులో లేదు. ఇల్లిల్లూ తిరిగి ఆ చుక్కలు పెట్టే పని మా హేతువాద సంఘం నెత్తికెత్తుకుంది. గ్రామసభ రోజున ఇంజనీరు వస్తాడు, ఆ రోజు చూపించిన ఇళ్ళతో జాబితా మూసేస్తారు. అందరికంటే ఎక్కువ ఆశతో ఎదురుచూసింది మరియమ్మ అనే ముసలామె. మోకాళ్ళు వాచిన మనిషి. కాలనీకి చిట్టచివర, వాగు దాటాక ఒంటరిగా ఉన్న రేకుల ఇల్లు ఆమెది. రోజూ పొలంలోని బోరు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేది. ఇంతకు ముందు రెండుసార్లు సర్వేకు వచ్చినవాళ్ళు వాగు దగ్గరే వెనక్కి తిరిగారు.

"ఈసారన్న మా ఇల్లు ఎక్కుతదా సారూ?" అని ఆమె నన్ను అడిగింది. "నేనున్నాను కదమ్మా" అన్నాను. దేవుళ్ళు చెప్పే మాట అది. నేను చెప్పకుండా ఉండాల్సింది.

మ్యాపులక్క సర్వేకు ముందటి ఆదివారం మాకు పాఠం పెట్టింది. మిగిలిన కార్యకర్తలు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఒక సభలో మాట్లాడాల్సి ఉంది, పైగా నాకు అన్నీ తెలుసు. అరచేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం ఒకటి అరువు తెచ్చుకుని కాలనీ మొత్తం నేనే తిరిగాను. మీటర్లు చూశాను, నోటుపుస్తకంలో రాశాను, ఇంటికొచ్చి కంప్యూటరులో ఎక్కించాను. "ఏ తొన?" అని అది అడిగితే, వనపర్తిలో అందరూ కొట్టే అంకె కొట్టాను. నలభై నాలుగు.

సభ పంచాయతీ హాలులో. గోడకు తెల్లబట్ట కట్టి, దాని మీద మ్యాపు వేశారు. ఇంజనీరు, సర్పంచు, కాలనీవాళ్ళు, ముందు వరుసలో ఊరి పెద్దరైతు. అతిథిగా మ్యాపులక్క. నేను లేచి, విజ్ఞానం పేదవాడి చేతికి అందిన వేళ అని ఒక ఐదు నిమిషాలు దంచి, మీట నొక్కాను.

తెల్లబట్ట మీద నీలం. ఒట్టి నీలం. నడుమ మా కాలనీ చుక్కలన్నీ కుదురుగా, వరుసగా, ముచ్చటగా ఉన్నాయి. బంగాళాఖాతంలో.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు పెద్దరైతుకు అర్థమైంది.

"ఓ సారూ, సముద్రంల ఉన్నోళ్ళకు నల్లా ఎందుకు? నీళ్ళకు నీళ్ళు, ఉప్పు గూడ ముఫత్!"

హాలు పేలిపోయింది. వెనక నుంచి మరియమ్మ గొంతు లేచింది. "అగో, నా ఇల్లు సముద్రంలకు పాయెనా? మరి పొద్దుగాల రెండు బిందెలు మోసుకొస్తి, గవెక్కడి నీళ్ళు?"

మ్యాపులక్క వైపు చూశాను. భుజాలు అదురుతున్నాయి. అదే ఆమెను నేను క్షమించలేనని అనుకున్న క్షణం. నవ్వుతూనే లేచి వచ్చి నా పక్కన కూర్చుని, ఊరంతా చూస్తుండగా, ఇంజనీరు గడియారం చూసుకుంటుండగా, మొట్టమొదటి ప్రశ్న వేసింది.

"కాపీ తీసిన్రా?"

తీయలేదు. సభనంతా ఆపి, కాపీ తీసింది. అప్పుడు నకలు మీద నలభై నాలుగు చెరిపి నలభై మూడు కొట్టింది. చుక్కలన్నీ ఒక్క గంతులో సముద్రం దాటి, తీరం దాటి వచ్చి మానవపాడు పక్కన వాలాయి. ఎవరో ఈల వేశారు.

"మంత్రమేసినట్లాయె గదమ్మా!" అన్నాడు పెద్దరైతు.

"మంత్రం గాదు పెదనాయినా, తొన. జర ఆగుర్రి, అప్పుడే మురవకుర్రి. భూమ్మీదికి ఒస్తె ఒచ్చింది గానీ, మన భూమ్మీదికే ఒచ్చిందా?"

కాలనీ మూడు మూలల నుంచి ముగ్గురిని పిలిచింది. చుక్కల కింద ఉపగ్రహ చిత్రం వేసి, మీ ఇల్లు మీరే చూపించమంది. ఒకాయన చర్చి కప్పు గుర్తుపట్టాడు. ఒకామె తన ఇంటి మీద కప్పిన నీలం టార్పాలిన్ గుర్తుపట్టి కెవ్వుమంది. మూడోవాడు బట్టను చేతితో తడిమి, "గిదే, మా మేకల కొట్టం" అన్నాడు. మూడు మూలలూ కుదిరాయి. అప్పుడు కూడా ఆమె లేవలేదు. జాబితాలోని పేర్లనూ బట్ట మీది చుక్కలనూ లెక్కపెట్టింది. ఒక చుక్క తక్కువ.

"ఇంగొకటి యాడుంది?"

మ్యాపును చిన్నది చేసింది. జిల్లా పోయింది. రాష్ట్రం పోయింది. దేశం అరచేతంత అయింది. కింద, ఎక్కడో దక్షిణాన, భూమధ్యరేఖ మీద, ఏ దేశానికీ చెందని నీళ్ళలో ఒకే ఒక్క చుక్క. దాని మీద నొక్కితే పేరు వచ్చింది. మరియమ్మ.

ఈసారి మ్యాపులక్క నవ్వలేదు.

"సున్నా ఎవరు వెట్టిన్రు?"

నేనే పెట్టాను. మరియమ్మ రేకుల ఇల్లు చింతచెట్టు కింద ఉంది. పరికరం ఎంతసేపటికీ అంకె చూపించలేదు. ఎండ మండిపోతోంది. తర్వాత చూద్దామనుకున్నాను. ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోలేదు, సున్నా కొట్టాను.

"సున్నా అంటే తెల్వదు అని గాదు సార్. సున్నా గూడ ఒక జాగనే. తెల్వకుంటె తెల్వదని రాయాలె. అన్ని వేదికల మీద మీరు జెప్పేది గదే గదా?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఇంత శుభ్రంగా ఎవరూ ఓడించలేదు.

ఉపగ్రహ చిత్రంలో చూపిద్దామంటే వాగు అవతల మూడు చింతచెట్లు ఉన్నాయి. పైనుంచి మూడు పచ్చటి ముద్దలు. ఏ చెట్టు కింద ఇల్లో చెప్పమంటే మరియమ్మ, "నేనెన్నడు మీదికెల్లి జూసిన?" అంది. ఇంజనీరు మంచివాడే, కానీ ఇంకో సభ ఉంది. "అరగంట మేడమ్. నేను రాజోలి వోవాలె. అర్ధగంటల చుక్క రాకుంటె ఈ ఇల్లు ఎక్కది."

"సున్నా పెట్టినోళ్ళే పోవాలె" అని మ్యాపులక్క పరికరం నా చేతిలో పెట్టింది.

మరియమ్మను బండి వెనక ఎక్కించుకుని పరుగు. ఆమె జీవితంలో మోటారుసైకిలు ఎక్కడం అదే మొదలట. ఒక చేత్తో నా చొక్కా, ఒక చేత్తో తన కొంగు పట్టుకుని, వాగులో దిగేటప్పుడు "యేసయ్యా!" అని నా చెవిలో అరిచింది. నేను కూడా ఏదో అరిచాను. ఏమరిచానో రాయను. నా పాఠకులకు నా మీద కొంత నమ్మకం ఉంది.

చెట్టు కింద నిలబడి ఫోన్ చేస్తే అవతల నుంచి గద్దింపు. "మళ్ళ చెట్టు కిందనే నిలవడ్డరా? ఆకులు అడ్డమొస్తయి. బయటికి రాండ్రి, ఆకాశం కనవడాలె. ఆడ అంకె తీస్కోని, ఇల్లు ఏ దిక్కుల ఎన్ని అడుగులో రాయుర్రి. అంకె ఒస్తనే రాయకుర్రి. అది ఊగుతుంటది. తప్పు ఐదు మీటర్ల లోపల దిగిందాంక ఆగాలె."

బయటికి వచ్చి, పరికరం పట్టుకుని చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. తప్పు ముప్పై మీటర్లు చూపిస్తోంది. ఇరవై రెండు. మళ్ళీ ఇరవై ఎనిమిది. చెమట కళ్ళలోకి దిగుతోంది. మరియమ్మ గడప మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ నన్ను పరీక్షగా చూసింది.

"ఏంది సారూ, ఆకాశానికి మొక్కుతున్నవా?"

"మొక్కడం లేదమ్మా. పైన ఉపగ్రహాలుంటాయి, వాటిని అడుగుతున్నాను."

"పల్కుతయా?"

"పలుకుతాయి. ఓపికగా కాసేపు ఆగాలి, అంతే."

"మా పాస్టరు గూడ గదే అంటడు."

నవ్వుతో చెయ్యి ఊగి అంకె మళ్ళీ ముప్పైకి పోయింది. పదిహేను. తొమ్మిది. ఆరు. నాలుగు! మీటర్లు రాశాను. ఈసారి తొన కూడా రాశాను, రెండుసార్లు, కింద గీత కొట్టి. మరియమ్మ నొప్పుల మోకాళ్ళతో లేచి నా దగ్గరి నుంచి తన గడప దాకా తనే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. "నా ఇంటి కొలత నేనే వడ్త" అంది. ఉత్తరానికి పద్దెనిమిది అడుగులు.

తిరిగి వచ్చేసరికి ఇంజనీరు జీపు తలుపు తెరిచి ఒక కాలు లోపల పెట్టాడు. మ్యాపులక్క జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కాచుకుని ఉంది. అంకెలు చదివాను, ఆమె కొట్టింది. దక్షిణ సముద్రంలోని ఒంటరి చుక్క మాయమై, వాగు అవతల నడిమి చింతచెట్టు అంచున మొలిచింది. ఇంజనీరు కాలు బయటపెట్టి, చూసి, సంతకం చేశాడు.

అంతా వెళ్ళాక మ్యాపులక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రతి మ్యాపుతో పాటు ఒక గమనిక ఫైలు ఉండాలని ఆమె నియమం. ఎవరు తీశారు, దేనితో తీశారు, ఏం తప్పు జరిగింది, ఎట్లా సరిచేశారు. నేను చెబుతానన్నాను, రాసుకోమన్నాను. "సాంకేతిక కారణాల వల్ల తొలుత స్థాననిర్దేశంలో..."

"ఆగుర్రి. సాంకేతిక కారణం అంటె ఎవరు? ఏ ఊరాయన? నేనెరుగ."

కీబోర్డు నా వైపు జరిపింది. వాదనల్లో ఓటమిని ఒప్పుకున్న చరిత్ర నాకు లేదు. అయినా నా పేరు కొట్టాను. ఈ కాలనీని మొదటిసారి సముద్రంలో వేసినవాణ్ణి నేనే అని, మరియమ్మ ఇంటికి తెలియని చోట సున్నా పెట్టినవాణ్ణి కూడా నేనే అని రాశాను. ఆమె చదివి, రెండు పల్లీలు ఒలిచి నా చేతిలో పెట్టింది. ఆ ఫైలు ఇప్పటికీ ఆ మ్యాపుతో పాటే తిరుగుతోంది. తెరిచిన ప్రతివాడూ చదువుతాడు. నేను రాసిన అన్ని పుస్తకాలకంటే దానికే పాఠకులు ఎక్కువ.

ఆమె తర్వాత ఎక్కడో ఉత్తరాదిన చెరువుల మ్యాపుల పని దొరికి వెళ్ళిపోయింది. మా వైపు మనుషులు పనికి దేశాలు పోవడం కొత్త కాదు. ఈసారి తట్ట బదులు లాప్‌టాప్ పోయింది. గోడ మీది కట్ట బొమ్మ కూడా తీసుకుపోయింది.

పాన్‌గల్ బడికి ఆ రోజు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. ముందు గేటు ఎదుట ఎండలో చెయ్యెత్తి నిలబడి, అంకె నిలిచేదాకా ఆగి, ఫోన్‌లో బడి ఉన్న చోటును సరిదిద్ది పంపాను. ఆ తర్వాతే లోపలికి వెళ్ళి, గుడ్డినమ్మకాల మీద మాట్లాడాను. మొదటి ఉదాహరణ నేనే.

సాయంత్రం ఇంటికి పోకుండా బండిని మానవపాడు వైపు తిప్పాను. వాగు దాటాను. నడిమి చింతచెట్టు కింద, గడప నుంచి రెండు అడుగుల దూరంలో నల్లా ఉంది. దాని మెడకు ఎవరో ఎర్రదారం కట్టారు. మామూలుగా నేను ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి, ఊరుకున్నాను. మరియమ్మ గుర్తుపట్టి, చెంబు కడిగి, నల్లా తిప్పి నిండా పట్టి నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడి నా మొహంలోకే చూసింది.

"తాగు సారూ. ఉప్పగ ఉన్నయేమో జెప్పు."